గుమ్మడికాయ కింద ల్యాప్‌టాప్

ప్రేమరాజుకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. రెండు నెలలుగా ఇదే వరస. జ్వరం కాదు, షుగరు కాదు. ల్యాప్‌టాప్.

ఇంట్లో ఒకటి లేక కాదు. విశాఖపట్నంలో ఎవరో వాడి వాడి విసిగిపోయి అమ్మేస్తే కొన్నది ఉంది. నాలుగు కేజీల పైమాటే. ఆన్ చేస్తే ముందు చప్పుడు వస్తుంది, తర్వాత వేడి వస్తుంది, ఆ తర్వాత దానికి మనసుంటే వెలుగు వస్తుంది. ప్రేమరాజు భార్య లీల దానికి గ్రైండరు అని పేరు పెట్టింది. వీధి వీధంతా ఆ పేరే ఖాయం చేసింది. మూత వెనక్కి పడిపోతుంది కనుక ఖాళీ కాఫీ సీసా అడ్డం పెట్టాలి. ఒక మీట ఊడిపోతే, ఏటికొప్పాకలో బొమ్మలు చేసే సూరన్న చేత లక్క పూసిన ఎర్ర చెక్కగుండీ చేయించి అతికించాడు. మొత్తం మిషన్‌లో ఇంతవరకు చెడిపోనిది ఆ గుండీ ఒక్కటే.

మాకవరపాలెం మండలాఫీసులో గుమాస్తాకి ల్యాప్‌టాప్ ఎందుకని మీరడగొచ్చు. ఆఫీసుకు కాదు, ఆదివారానికి. నర్సీపట్నంలో వాళ్ళ చర్చిలో ఆరాధన వేళ పాటల్ని ప్రొజెక్టరుతో గోడ మీద చూపించేది ప్రేమరాజే. మూడేళ్ళు కష్టపడి నాలుగొందల పన్నెండు పాటలు ఒంటి వేలితో కొట్టాడు. ఆఫీసులో అతను పిలిస్తే అటెండరు కూడా పలకడు. ఆదివారం మాత్రం అతని వేలు మీట నొక్కితే గాని మూడొందల మంది నోరు తెరవరు. ఆ వేలే అతని ఆస్తి.

అలాంటిది రెండు నెలల కిందట ఒక ఆదివారం సగం చరణంలో గోడ తెల్లబోయింది. మూడొందల నోళ్ళూ తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. మధ్య బెంచీలోంచి జాన్ ప్రసాద్ లేచాడు. పల్చటి కొత్త ల్యాప్‌టాప్‌ని అరచేతిలో పళ్ళెంలా ఎత్తిపట్టి, "అన్నయ్య గారూ, నాది తగిలించమంటారేటి?" అన్నాడు.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు ప్రేమరాజు భుజం మీద చెయ్యి వేశారు. "ఇంకొక్కసారి ఆగిపోతే ఆ కుర్చీలో జాన్ ప్రసాద్‌ని కూర్చోబెట్టక తప్పదు ప్రేమరాజు గారూ. ఏమీ అనుకోకండి."

అప్పటినుంచి ప్రేమరాజు ప్రతి శనివారం విశాఖ బస్సెక్కాడు. చేతిలో చేపలు తూచే స్ప్రింగు కాటా. తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, మధ్యలో చావకూడదు. ఈ మూడూ ఉన్నది వెతికి వెతికి నాలుగో శనివారం పట్టాడు. షాపతను కేజీ నూటయాభై గ్రాములన్నాడు. ప్రేమరాజు క్యారీబ్యాగులో పెట్టి కాటాకు తగిలించి చూశాడు. నిజమే.

"పడితే పగలదా?" అని అడిగాడు.

"బల్ల ఎత్తు నుంచి పడినా ఏమీ కాదు సార్."

"అయితే ఒకసారి పడేద్దాం."

"డబ్బు కట్టేసి, ఇంటికెళ్ళి పడేసుకోండి సార్."

ధర కనుక్కుని, ఒట్టి చేతులతో ఇంటికొస్తూనే గుమ్మంలోంచి కేక వేశాడు. "లీలా! కేజీ నూటయాభై!"

"ఏటవి, రొయ్యలా?" అంది లీల వంటింట్లోంచి.

"రొయ్యలు కాదే. ల్యాప్‌టాప్. చిటికెన వేలికి తగిలించుకుని కొయ్యూరు కొండెక్కొచ్చు."

"మన చర్చి కొండ మీద లేదు కదండీ. వీధి దాటితే వొచ్చేస్తాది. సర్లెండి, ధరెంత?"

ధర చెప్పాడు. లీల గరిటె పట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు.

"నాలుగు కేజీల గ్రైండరుకి ఇచ్చినదానికి రెండింతలా? ఈ కేజీ ముక్కకా? బరువు తగ్గితే రేటు పెరగడం ఏ బజార్లోనండీ?"

"బరువు లేకపోడానికే ఆ డబ్బులు."

"అయితే అసలు మిషనే లేకపోతే ఇంకా ఎక్కువిస్తారేటి?"

ప్రేమరాజు మాట మార్చాడు. "గ్రైండరు చచ్చిపోయిందే. పొద్దున నొక్కితే కదల్లేదు," అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఏదీ, సూడనివ్వండి." లీల చెంగుతో చేతులు తుడుచుకుని మూత తెరిచింది. మీట నొక్కింది. టీచరు గదిలోకి రాగానే ఆరో తరగతి పిల్లలు లేచి నిలబడినట్టు, గ్రైండరు చప్పుడు చెయ్యకుండా టక్కున వెలిగింది.

ఇలా ఒకసారి కాదు, మూడుసార్లు జరిగింది. మూడోసారి లీల తీర్పు చెప్పేసింది. "ఇది పని సేస్తన్నంత కాలం ఇంకోటి ఈ గుమ్మం తొక్కదు. మీరంటే దానికి భయం లేదు. అదే దాని రోగం."

లీలకు తెలియని సంగతి ఒకటుంది. అంటే, ప్రేమరాజు అలా అనుకున్నాడు. ఆ నెలలోనే అతనికి డి.ఏ. ఎరియర్సు వచ్చాయి. ఇరవై నాలుగు వేలు. ఇంట్లో చెప్పలేదు. కొత్త ల్యాప్‌టాప్‌కు సరిగ్గా సరిపోతాయి. డబ్బు బ్యాంకులో ఉంది గాని దాని దురద మాత్రం ప్రేమరాజు అరికాళ్ళలో ఉంది. అడ్డల్లా ఒక్కటే, గ్రైండరు. అది చావదు. చచ్చినా లీలను చూసి లేస్తుంది.

అప్పుడు కోతపండుగ వచ్చింది.

పండిన పంటలో మొదటి భాగం దేవుడి ముందు పెట్టే పండుగ అది. బియ్యం, బెల్లం, కోళ్ళు, అరటిగెలలు, ఎవరికున్నది వాళ్ళు తెస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలంపాట. వచ్చిన డబ్బు చర్చికి. ప్రేమరాజు బుర్రలో లైటు వెలిగింది. గ్రైండరును దేవుడికిచ్చేస్తే? లీల తన దగ్గర లాక్కోగలదు గాని దేవుడి దగ్గర లాక్కోగలదా?

పాడుకునే మనిషిని కూడా ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. మెయిన్‌రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ అప్పలనరసింహం గారు. ఆయన చర్చి మనిషి కాదు గాని నాటుకోళ్ళ కోసం ఏటా వేలానికి వస్తారు. "మూడొందలకు పాడీండి. ఆ డబ్బులు నేనిస్తాను. తర్వాత ఏ గోతిలో పారేసినా నాకభ్యంతరం లేదు," అన్నాడు ప్రేమరాజు.

పండుగనాడు పొద్దున్నే గోనెసంచి అడుగున గ్రైండరు పెట్టి, పైన లీల కొన్న గుమ్మడికాయ పెట్టాడు. లీల సంచి ఎత్తబోయి ఆగింది.

"ఈ ఏడు గుమ్మడికాయ ఇంత బరువుందేటండీ?"

"దేవుడి దయ."

"అలగా." లీల సంచికేసి చూసింది. మొగుడి మొహంకేసి చూసింది. ఇరవయ్యేళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసిన మనిషి. రెండో ప్రశ్న వెయ్యలేదు.

చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. మధ్యలో లావాటి స్తంభాలు. వేలం పాడించేది కోశాధికారి సాల్మన్‌రాజు. ఒకటోసారి, రెండోసారి గబగబా అనేసి మూడోసారిని మాత్రం ధర పెరిగేదాకా సాగదీస్తాడు. అందుకని ఊళ్ళో అతన్ని మూడోసారి సాల్మన్‌రాజంటారు.

కోళ్ళు అయ్యాయి. గెలలు అయ్యాయి. సాల్మన్‌రాజు సంచిలోంచి గుమ్మడికాయ తీశాడు. తర్వాత చెయ్యి పెట్టి, రెండు చేతులూ పెట్టి, మూలుగుతూ గ్రైండరు తీశాడు. చర్చంతా గొల్లుమంది.

"మన ప్రేమరాజు గారి కానుక!" అని అరిచాడు. "ఎంత త్యాగమో సూడండి!"

ప్రేమరాజు తల వంచుకుని త్యాగం మొహం పెట్టాడు.

"మూడొందలు," అన్నారు అప్పలనరసింహం గారు, ఒప్పుకున్న ప్రకారం.

"నాలుగొందలు!" ఆడవాళ్ళ వైపు స్తంభం వెనకనుంచి సోమలమ్మ గొంతు వినబడింది. బజార్లో ఆకుకూరలమ్మే ముసలామె. "ఆవకాయ జాడీ మూత మీద బరువెట్టుకుంటాను."

"ఓలమ్మో, జాడీ మీదకా? ఇది పని సేస్తాది సోమలమ్మప్పా!" సాల్మన్‌రాజు మూత తెరిచి మీట నొక్కాడు. ఇన్నాళ్ళూ ప్రేమరాజును ఏడిపించిన గ్రైండరు పండుగ మొహంతో వెలిగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. "సూసేరా! దీని లోపల నాలుగొందల పన్నెండు పాటలున్నాయి. ఇది ఎవరింటికెల్తే పాటలన్నీ ఆళ్ళింటికే!"

ప్రేమరాజు గుండె గుమ్మడికాయలా జారింది. పాటలు! కానుకిచ్చే తొందరలో పాటలు తీసి దాచుకోవడం మర్చేపోయాడు.

"రెండు వేలు!" అన్నాడు జాన్ ప్రసాద్, నవ్వుతూ లేచి నిలబడి.

పాటలు ఎవరివైతే కుర్చీ వాళ్ళది. ప్రేమరాజు ఎగిరి నిలబడ్డాడు. "అయ్యగారూ! ఒక్క నిమిషం. పొరపాటైపోయింది. అది... అది నేను వెనక్కి..."

పాస్టరు అయ్యగారు మెత్తగా నవ్వారు. "దేవునికిచ్చింది వెనక్కెలా తీసుకుంటారండీ? అంత మనసైతే మీరూ పాడుకోండి."

"మూడు వేలు!" అన్నాడు ప్రేమరాజు.

"ఏటండీ, మధ్యలో మీరొచ్చేరు?" అప్పలనరసింహం గారు వెనకనుంచి చొక్కా లాగారు. "నాకు మూడొందలని కదా సెప్పేరు?"

"మీరూరుకోండి బాబూ. నాలుగు వేలు!"

"మీ పాట మీదే మీరు పాడుతున్నారు," అన్నాడు సాల్మన్‌రాజు.

"ఐదు వేలు!" అన్నాడు జాన్ ప్రసాద్.

"ఆరు!"

జాన్ ప్రసాద్ మళ్ళీ నోరు తెరిచాడు. ఆడవాళ్ళ వైపునుంచి అతని భార్య షర్మిల ఒక చూపు చూసింది. తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు. హమ్మయ్య అని ప్రేమరాజు కూడా కూర్చోబోయాడు.

"ఏడు వేలు," అంది స్తంభం వెనకనుంచి సోమలమ్మ.

ప్రేమరాజు అదిరిపడ్డాడు. తోటకూర కట్టలమ్మే మనిషికి ఏడు వేలెక్కడివి? జాన్ ప్రసాదే అటునుంచి పాడిస్తున్నాడన్నమాట! పళ్ళు పటపటలాడించాడు. "ఎనిమిది!"

"పది."

"పన్నెండు!"

"పదిహేను," అంది సోమలమ్మ తాపీగా. మధ్యలో, "ఎంతన్నావు?" అని పక్కనెవరినో అడగడం కూడా వినబడింది. స్తంభం అడ్డం. ఎవరో కనబడలేదు. చర్చి తలలన్నీ కుడికీ ఎడమకీ తిరుగుతున్నాయి. గంప కింద కోడిపుంజు కూడా ఆగి వింటోంది.

"ఇరవై!"

"ఇరవై మూడున్నర."

ప్రేమరాజు దగ్గర ఇక మిగిలింది ఐదొందలే. చర్చిలో నిలబడి చేతిలో లేని డబ్బు పాడే మనిషి కాడతను. ఉన్నదంతా ఊడ్చి, పిల్లిపిల్ల గొంతుతో, "ఇ... ఇరవై నాలుగు," అన్నాడు.



సాల్మన్‌రాజు ఒకటోసారన్నాడు, రెండోసారన్నాడు. మూడోసారిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా లాగాడు. ఎవరూ పెంచలేదు. బల్ల మీద దెబ్బ కొట్టాడు. చర్చి చప్పట్లతో మోగిపోయింది. ప్రేమరాజు తన గ్రైండరును తానే కొనుక్కుని, రెండు చేతులా మోసుకుంటూ బయట వేపచెట్టు కిందికి వచ్చాడు.

లీల అక్కడే ఉంది. పక్కన సోమలమ్మ కిళ్ళీ నములుతోంది.

"లీలా, ఆ స్తంభం వెనకాల కూర్చుని పాడించినోడెవడో సూసేవా?"

"ఆడెవడో కాదు. నేనే."

"నువ్వా! నా గొంతు గుర్తుపట్టలేదేటి?"

"పాతికేళ్ళ కాపరం. మీ గొంతు గుర్తుపట్టనా?"

"మరెందుకే పెంచేవు?"

"మీ ఆఫీసులో ఇంకో గుమాస్తా భార్య షైని కనపడి, మా ఆయనకి ఎరియర్సొచ్చేయి, గాజులు సేయించుకున్నానంది. మీకు మాత్రం రాలేదేటా అనుకున్నాను. ఎంతొచ్చేయో మిమ్మల్నడిగితే సెప్తారా? చర్చిలో అయితే మీరు లేని డబ్బు పాడరు. అందుకని ఒక్కో మెట్టూ ఎక్కించేను. ఇరవై నాలుగు దగ్గర మీ గొంతు కీసుమంది. ఆపేసేను."

"బాబూ, నాకేటి తెలీదు," అంది సోమలమ్మ. "ఆ పిల్ల సెప్పినట్టు అరిసేను."

అప్పుడే అయ్యగారూ సాల్మన్‌రాజూ బయటికొచ్చారు. అయ్యగారి మొహం వెలిగిపోతోంది. "ప్రేమరాజు గారూ, మీ ఇరవై నాలుగు వేలతో చర్చికే ఒక తేలికపాటి ల్యాప్‌టాప్ కొనాలని ఇప్పుడే తీర్మానించాం. ఏది మంచిదో రెండు నెలలుగా చూస్తున్నారట కదా. మీరే వెళ్ళి తేవాలి."

ప్రేమరాజుకు ప్రాణం లేచొచ్చింది. "తెస్తానండీ! ఇక నా సేతిలో పాట ఆగితే అడగండి."

"ఇంకా మీ సేతికిస్తారేటి?" అంది సోమలమ్మ. "లీల నొక్కితే ఆ సచ్చిన గ్రైండరే లేస్తాదంట. ఆ పిల్లకిచ్చేయండి అయ్యగారూ."

అయ్యగారు లీలకేసి చూశారు. సాల్మన్‌రాజు, "ఒకటోసారి, రెండోసారి," అన్నాడు. ఈసారి మూడోసారిని సాగదియ్యలేదు.

సోమవారం ప్రేమరాజు విశాఖ వెళ్ళి, తను ఏరుకున్న ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని, బస్సులో కునుకైనా తియ్యకుండా తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. లీల గ్రైండరు ముందు కూర్చుంది. అది కిక్కురుమనకుండా పది నిమిషాల్లో నాలుగొందల పన్నెండు పాటలూ అప్పజెప్పేసింది.

ఆదివారం లీల ఆ కుర్చీలో కూర్చుంది. ప్రేమరాజు చుట్టూ తిరిగాడు. వైరు సర్దాడు, సర్దిన వైరు మళ్ళీ సర్దాడు. "నేనేటి సెయ్యనే?" అన్నాడు చివరికి.

లీల గోడ చూసింది. "తూర్పు కిటికీకి గడియ లేదు. ఎండ గోడ మీద పడతంది. బేగెల్లి ఆ తలుపు మూసి పట్టుకోండి."

రెండో కిటికీ దగ్గర అప్పటికే జాన్ ప్రసాద్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పాట మొదలైంది. అక్షరాలు చక్కగా వస్తున్నాయి, మూడొందల మందీ ఆగకుండా పాడుతున్నారు. మూడో చరణంలో ప్రేమరాజు చెయ్యి తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకోబోతే తలుపు జారి బార్లా తెరుచుకుంది. ఎండ లోపలికి దూకింది, గోడ తెల్లబోయింది, పాట ఠక్కున ఆగింది.

"మళ్ళీ ఆగిపోయిందేటే?" అంది సోమలమ్మ గట్టిగా.

లీల మీట మీద వేలు తియ్యలేదు, వెనక్కి తిరగనూ లేదు.

"మిషన్ బానే ఉంది పిన్నీ. ఆగిపోయింది మా ఆయన."