శనివారం పదకొండింటికి స్నేహం

“పిల్లకు ఏమన్నా అయితే ఎవలు జవాబు చెప్తరు?”

ఈ మాట నేను మా ఆయన సుధాకర్‌తో అన్నది జూన్ మొదటి వారంలో. అప్పటికి బడులు తెరవలేదు. వ్యాను రాలేదు. పిల్లకు కనీసం జలుబు కూడా లేదు. ఏమీ కాకముందే భయపడటంలో ఉన్న సుఖం, అయ్యాక భయపడేవాళ్లకేం తెలుసు?

ఆ భయమే మాకు దారి చూపింది. తొమ్మిదేళ్ల మా దీప్తిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. అనుభవం మీద చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. పిల్లల్ని బడి నుంచి తప్పించి, మళ్లీ ఆ పిల్లల్నే వారానికోసారి ఒక హాల్లో వరుసగా కూర్చోబెట్టి, టైంటేబుల్ వేసి, గంట కొట్టి పాఠాలు చెప్పడాన్ని మించిన మేలు ఈ లోకంలో లేదు! దీన్ని బడి అనకండి. ఈ గ్రూపు పెట్టిన సూర్యాపేట జ్యోత్స్న మేడానికి కోపం వస్తుంది. ‘ఎన్‌రిచ్‌మెంట్ క్లాస్’ అనాలి.

మా అత్త ఆండాళుకు ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. “ఇంట్ల సదువు అంటిరి. మరి శనివారం శనివారం పోరిని మూడూళ్లు తిప్పుడేంది?” అంటుంది.

మూడూళ్లన్నది నిజమే. ఒక వారం సూర్యాపేట, ఒక వారం కోదాడ, ఒక వారం మిర్యాలగూడ. పదకొండు మంది పిల్లలు, పదకొండు మంది తల్లులం. జీతం టీచర్లు ఉండరు. ఎవరికి వచ్చింది వాళ్లు వంతులవారీగా చెప్పాలి. మా నడిగూడెంలో నాట్లప్పుడు ఇవాళ నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు అని బదులు పోయేవాళ్లం చూడండి, అచ్చం అట్లాగే. తేడా ఒక్కటే. నాట్లకు పోయినవాళ్లకు నాటెయ్యడం వచ్చు.

నాలుగేళ్ల చందు నుంచి పద్నాలుగేళ్ల రాకేష్ దాకా అందరికీ ఒకటే క్లాసు. ఎంత గొప్ప ఏర్పాటు! చెప్పేది చందుకు అర్థం కాదు, రాకేష్‌కు ఎప్పుడో తెలుసు. నడిమి వయసు పిల్లలు చందుతో పాటు దిక్కులు చూస్తారు, రాకేష్‌తో పాటు ఆవలిస్తారు. మీసం మొలుస్తున్న పిల్లవాడు ఏనుగు పాటకు తొండం ఊపుతుంటే చూడాలి మీరు. తర్వాత ఆరుగురికి షూ లేసులు కట్టి, ఇద్దరికి ముక్కు తుడుస్తాడు. దీన్ని లీడర్‌షిప్ అంటారట. నా చిన్నప్పుడు చెల్లెల్ని చంకనేసుకుని తిరిగితే ఇంటిపని అనేవాళ్లు. ఎంత వెనకబడి ఉన్నాం!

రోబోటిక్స్ క్లాసు నాడు చందు బొమ్మబండి చక్రం నోట్లో పెట్టుకున్నాడు. మింగాడో, పడేశాడో తెలియదు. మిగిలిన గంటంతా పదకొండు మంది తల్లులం బల్లల కింద వెతికాం. చక్రం రాకేష్ జేబులో దొరికింది. చందు నోట్లోంచి వాడే తీసి దాచాడట. తనను ఎవరూ అడగలేదన్నాడు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ‘ప్రాబ్లం సాల్వింగ్’ అని ఫొటోలు పెట్టారు.

మిర్యాలగూడలో ప్రకృతి పాఠం. వరి ఎట్లా పండుతుందో ప్రొజెక్టర్‌లో చూపించారు. బొమ్మ సరిగా పడటం లేదని కిటికీ కర్టెన్లు మూశారు. కిటికీ అవతల రైసు మిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కర్టెన్ కొంచెం జరిపిన పిల్లకు ఏకాగ్రత లేదని జ్యోత్స్న మేడం రాసుకున్నారు. ఆ పిల్ల మాదే.

కోదాడలో మట్టి బొమ్మల క్లాసు. మట్టి ఆన్‌లైన్‌లో తెప్పించారు. ప్యాకెట్టు మీద ‘పిల్లలకు సురక్షితం’ అని ఉంది కనుక నేనూ ఒప్పుకున్నాను. హాలు బయట నల్లరేగడి తొక్కిన పిల్లల కాళ్లు మాత్రం సబ్బుతో రెండుసార్లు కడిగించాం.

నా వంతూ వచ్చింది. పదో తరగతి దాటని నాకేం వచ్చు? ఆలోచిస్తే ఒక్కటి వచ్చు. ‘జాగ్రత్త’ అని క్లాసు చెప్పాను. మూత లేని బోరుబావి, తెగిపడ్డ కరెంటు తీగ, గొంతులో ఇరికే రేగు గింజ, పిచ్చికుక్క. ముప్పావు గంటలో ఒక్కటీ వదల్లేదు. వారం తర్వాత చందు తల్లి విజయలక్ష్మి కోదాడ నుంచి ఫోన్ చేసింది. “మావాడు స్విచ్చులున్న గదిలోకే రావట్లేదండీ. మీ క్లాసు బాగా పనిచేసింది” అని మెచ్చుకుంది. నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకో గొప్ప నియమం ఉంది. క్లాసు నడిచినంతసేపూ తల్లులు వెనక వరుసలో కూర్చోవాలి. ఏ పిల్లకు ఏమవుతుందో ఎవరికి తెలుసు? ప్రశ్న ముందు వరుసకు పడితే జవాబు వెనక వరుస నుంచి వస్తుంది. తెలంగాణ నదుల పేర్లు ఈ మధ్య మాకు బాగా వచ్చేశాయి.

ఇక ఇంట్లో వచ్చిన ప్రశాంతత సంగతి చెప్పాలి. బడికి పోయే రోజుల్లో దీప్తి వచ్చిందంటే ఒకటే వాగుడు. ఎవరి పెన్సిల్ ఎవరు విరిచారు, ఎవరు ఎవరితో కటీఫ్, ఎవరి డబ్బాలో ఏం కూర. కంచంలో అన్నం చల్లారిపోయేది. ఇప్పుడు? “ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?” అంటే “ఊ” అంటుంది. “మంచిగుందా?” అంటే “ఊ”. అన్నం వేడివేడిగా తినేస్తోంది.

ఈ సుఖం నాకెందుకో అరగలేదు. పిల్లకు మాట పడిపోతోందేమోనని దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ గొంతు చూసి, చెవులు చూసి, “ఎవరితో ఆడుకుంటది?” అని అడిగింది. శనివారం క్లాసులన్నీ వరుసగా చెప్పాను. మళ్లీ అదే అడిగింది.

జ్యోత్స్న మేడంతో చెబితే పరిష్కారం అప్పటికే సిద్ధంగా ఉంది. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని ఆమె కూడా గమనించారట. టైంటేబుల్లో కొత్త సబ్జెక్టు చేర్చారు. స్నేహం. పదకొండింటి నుంచి పదకొండూ నలభై దాకా. స్టీలు డబ్బాలో చీటీలు వేసి తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లు ఆ పూటకు ఫ్రెండు. ‘నా ఫ్రెండుకు ఇష్టమైన రంగు’ అని ఒక కాగితం నింపాలి. మొదటి వారం దీప్తికి చందు వచ్చాడు. చందు నిద్రపోతున్నాడు. రంగు నేనే రాశాను. నీలం.

పోయిన శనివారం సూర్యాపేటలో పిల్లల ప్రదర్శన. తండ్రులూ వచ్చారు. జ్యోత్స్న మేడం మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ, “నీ బెస్ట్ ఫ్రెండ్ ఎవరు? ఎందుకు?” అని అడిగారు. పిల్లలు వెనక వరుస వైపు చూశారు, తల్లులు పెదవులు కదిపారు, జవాబులు చకచకా వచ్చాయి. చప్పట్లు.

దీప్తి వంతు వచ్చింది. మైకు చేతికిచ్చారు. మాట లేదు.

జ్యోత్స్న మేడం మళ్లీ అడిగారు. నేను చందు అని పెదవులు కదిపాను. రాకేష్ అని కదిపాను. పిల్లకు నిజంగానే మాట పోయిందా? పేరు చెప్పుకోవడానికి ఒక్కరూ లేరా? లేచి నిలబడి చెయ్యి ఊపాను. పక్కన సుధాకర్ “కూసో” అన్నాడు. కూర్చోలేదు.

దీప్తి మైకు కిందికి దించింది. హాలంతా దాటి నా వైపు చూసింది.

“అమ్మా, నువ్వు జర బయట కూసో. అప్పుడు చెప్త.”