గీతల సారు ఎంపిక చేసిన కోర్సు

ఇంతకాలం విదేశీయులు మనకు ఇంగ్లీష్ నేర్పారనీ, ఆ రుణం తీర్చుకునే సమయం వచ్చిందనీ విద్యామంత్రి సోమవారం పదకొండు గంటలకు ప్రకటించారు. ఇంగ్లీష్ రాని దేశాలకు వందమంది టీచర్లను పంపుతామన్నారు. వాళ్లకు ఏ శిక్షణ కోర్సు ఇప్పించాలో తేల్చడానికి ఆరుగురితో కమిటీ వేశారు. నిష్పక్షపాతంగా ఉండాలని, చదువు చెప్పడంతో ఏ సంబంధమూ లేనివాళ్లనే ఏరి తీసుకున్నారు.

"వాళ్లకు ఈ రంగంలో అనుభవం ఉందా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అనుభవం ఉంటే అభిప్రాయాలుంటాయి. అభిప్రాయాలుంటే ఆలస్యమవుతుంది," అన్నారు మంత్రి.

ఆ వార్త స్టాఫ్ రూములో చదివిన టీచరమ్మ తన హ్యాండ్‌బ్యాగు తెరిచి, అందులోని ఉత్తరం ఉందో లేదో చూసుకుంది. ఆమె తొమ్మిదేళ్లుగా టెంపరరీ టీచరు. ఒక విదేశీ బడి ప్రిన్సిపాల్ ఆమెకు ఉద్యోగం ఇస్తానని రాశాడు. షరతు ఒకటే. నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పించే శిక్షణ పూర్తిచేసి రావాలి. అలాంటి కోర్సు ఊళ్లో ఉంది. ఈ ఏటికి ఆఖరి బ్యాచి వచ్చే నెల ఒకటిన మొదలవుతుంది. చేరాలంటే శాఖ పర్మిషన్ కావాలి.

"కమిటీ కోర్సు తేల్చేదాకా ఎవరికీ పర్మిషన్ లేదు," అన్నాడు సూపరింటెండెంటు.

"నేను టెంపరరీనే కదండీ?"

"జీతం దగ్గర టెంపరరీ తల్లీ. పర్మిషన్ దగ్గర పర్మనెంటే."

ఇంటికెళ్లి చెబితే అక్క కుట్టుమిషను ఆపకుండానే అంది: "వాళ్లు తేల్చేలోపు నీ జుట్టు తెల్లబడుతుందే. వెళ్లి వాళ్ల నెత్తిన కూర్చో."

కూర్చునే అవకాశం దానంతటదే వచ్చింది. బ్రోషర్లన్నీ ఇంగ్లీషులో ఉండటంతో, అవి చదివి చెప్పడానికి ఒక మనిషి కావలసివచ్చింది. టీచరమ్మకు తలుపు పక్కన కుర్చీ వేశారు. ఓటు లేదు.

అధ్యక్షుడు రవాణా శాఖ పెద్దాయన. ఆఫీసులో ఆయన్ను గీతల సారు అంటారు. ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టరని ఆయనకు పేరు. చూపుడువేలు ప్రతి వరస కిందా నడిపిస్తారు, పేజీ చివరకొచ్చాక ఏదో ఒక మాట కింద ఆకుపచ్చ సిరాతో గీత గీస్తారు, "భాష బాగుంది" అంటారు, సంతకం పెడతారు. ముప్పై ఏళ్లలో గీత లేని ఫైలు ఒక్కటీ ఆయన బల్ల దాటలేదు.

"మొదటి కోర్సు నాలుగు వారాలు సార్," అని టీచరమ్మ తను చేరాలనుకున్న కోర్సుతో మొదలుపెట్టింది. "రోజూ ఇంగ్లీష్ రానివాళ్లకు పాఠం చెప్పాలి. వెనకాల ఒక సీనియర్ కూర్చుని తప్పులు రాసుకుంటారు."

"తప్పులు చేస్తారా?"

"మొదట్లో చేస్తారు సార్."

"తప్పులు చేయించే కోర్సుకు ప్రభుత్వం మనుషుల్ని ఎలా పంపుతుందమ్మా?"

తూనికలు కొలతల శాఖాయన చెయ్యెత్తారు. "ఫెయిలయ్యేవాళ్లున్నారా?"

"నూటికి ఐదుగురు."

"మనం పంపేది వందమందిని. ఆ ఐదుగురెవరో ముందే కనుక్కుంటే తొంభై ఐదుమందినే పంపుదాం."

ఈ సూచనను మినిట్స్‌లో రాసుకున్నారు.

రెండో కోర్సు శనివారం, ఆదివారం. విద్యార్థులుండరు. ఖాళీ కుర్చీలకు పాఠం చెబితే చాలు, అందరూ పాసే. నమూనా సర్టిఫికెట్ కూడా పంపారు. తూనికలాయన దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు.

"మూడువందల గ్రాముల అట్ట. మొదటివాళ్లది ఉత్త కాగితం."

"సార్, విద్యార్థులు లేకుండా పాఠం నేర్చుకోవడమంటే, నీళ్లలో దిగకుండా ఈత నేర్చుకోవడమే," అంది టీచరమ్మ.

"ఈ రోజుల్లో నీళ్లెక్కడున్నాయమ్మా," అన్నారు భూగర్భజలాల శాఖాయన.

రెండో కోర్సు ఏకగ్రీవంగా నెగ్గింది. టీచరమ్మ బయటికొచ్చి సూపరింటెండెంటును అడిగింది. "కోర్సు తేలింది కదండీ. మరి నా పర్మిషన్?"

"తేలిన కోర్సుకైతే ఇవాళే ఇస్తాం."

"ఆ కోర్సు విదేశీ బడివాళ్లకు పనికిరాదండీ."

"అది వాళ్ల సమస్య తల్లీ."

ఒకటో తేదీకి పదిహేను రోజులుంది.

కోర్సు ప్రారంభోత్సవానికి విదేశీ అతిథి ఉండాలని మంత్రి అన్నారు. ఆఫీసులో ఉన్న విదేశీ అడ్రసు ఒక్కటే, అది పర్మిషన్ కోసం టీచరమ్మ పెట్టిన దరఖాస్తుకు కుట్టిన ఉత్తరం మీదిది. అలా ఆ ప్రిన్సిపాలే వచ్చాడు. పూలదండ వేయించుకుని, క్లాసు చూస్తానన్నాడు.

కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అది ఈ కోర్సు పద్ధతి అని ఆయనకు ఎవరు చెప్పాలో తేలలేదు.

"మనమే కూర్చుందాం," అన్నారు గీతల సారు. "ఇంగ్లీష్ రానట్టు నటిద్దాం. అమ్మా, నువ్వు చెప్పు."

ఆరుగురూ పలకలు పట్టుకుని కుర్చీల్లో సర్దుకున్నారు. టీచరమ్మ తన గొడుగు పైకెత్తి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగింది. తూనికలాయన తల గోక్కున్నారు. భూగర్భజలాలాయన పక్కాయన పలకలోకి తొంగిచూశారు. గీతల సారు లేచి నిలబడి, చెమట తుడుచుకుని, కూర్చున్నారు. గంట తర్వాత ఆరుగురూ గొడుగును గొడుగనీ, తలుపును తలుపనీ ఇంగ్లీషులో అనగలిగారు. తలుపు చెప్పగలిగినప్పుడు భూగర్భజలాలాయన చప్పట్లు కొట్టారు.

"ఎంత సహజంగా చేశారండీ!" అని మంత్రి పొంగిపోయారు.

వెళ్లేముందు ప్రిన్సిపాల్ టీచరమ్మతో, ఆ నాలుగు వారాలూ పూర్తిచేసి రండి, ఉద్యోగం ఉంచుతానన్నాడు.

వారానికి ఆయన దగ్గర్నుంచి మంత్రికి ఉత్తరం వచ్చింది. టీచరమ్మను పిలిపించి చదివించారు. ఈ వయసులో సిగ్గుపడకుండా మొదటి మాట నుంచి మొదలుపెట్టిన ఆ ఆరుగురిని చూసి తన కళ్లు చెమర్చాయనీ, వాళ్లకు తన బడిలో మొదటి తరగతిలో ఆరు సీట్లు ఉచితంగా ఇస్తున్నాననీ ఆయన రాశాడు.

మంత్రి కవరు మీది విదేశీ స్టాంపు చూశారు.

"సీట్లు ఆరూ విదేశంలోనే కదా?"

"అవును సార్."

మర్నాడు పేపర్లలో వచ్చింది: మన అధికారులు ఆరుగురికి విదేశీ విద్యాసంస్థలో ప్రవేశం. గీతల సారు విలేకరులతో, విద్యకు వయసేమిటన్నారు.

నెల ఆఖరిరోజు మధ్యాహ్నం ఆయన టీచరమ్మను గదికి పిలిచారు. విమానం సాయంత్రం. సూట్‌కేసు బల్ల పక్కనే ఉంది.

"మా ఆరుగురికీ ఆ బడిలో ఇవ్వడానికి తలా ఒక దరఖాస్తు రాసిపెట్టమ్మా. నాకు ఇంగ్లీష్ బొత్తిగా రాదు అని, మంచి ఇంగ్లీషులో. నేను అధ్యక్షుణ్ని కాబట్టి అన్నిటి మీదా నా సంతకం ఉండాలి."

టీచరమ్మ పక్కగదిలో కూర్చుని టైపు చేసింది. అరగంటలో కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. గీతల సారు కళ్లజోడు తుడుచుకుని, చూపుడువేలు మొదటి వరస కింద పెట్టారు. ఒక్కో కాగితానికీ నాలుగు నిమిషాలు పట్టింది. గీత, "భాష బాగుంది", సంతకం.

ఏడో కాగితం దగ్గర ఆగారు.

"మేం ఆరుగురమే కదమ్మా. ఇదేమిటి?"

"చదవండి సార్."

ఆయన చదివారు. వేలు వరస తర్వాత వరస నడిచింది. ఆ కాగితంలో ఇంగ్లీషులో ఇలా ఉంది: ఈ కమిటీకి ఇంగ్లీష్ బోధన గురించి ఏమీ తెలియదు కనుక, ఈ టీచర్ రేపటి నుంచి తనకు నచ్చిన శిక్షణ కోర్సులో చేరవచ్చు.

గీతల సారు మళ్లీ మొదటి నుంచి చదివారు. తల పంకించారు.

"భాష బాగుంది," అన్నారు.

సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర వేసి ఇచ్చారు. టీచరమ్మ నమస్కారం చేసి వరండాలోకి వచ్చాక కాగితం విప్పి చూసుకుంది. ఆకుపచ్చ గీత, ఏమీ తెలియదు అన్న చోట, తిన్నగా ఉంది.