సర్కారు కోళ్లకు దాణా బంద్

“పని చేయని సర్కారు కోళ్లకు నేటి నుంచి దాణా బంద్!” అని మెట్‌పల్లిలో డప్పు మోగింది. కోళ్లకు క్రమశిక్షణ నేర్పబూనిన మొదటి బ్లాకు ఆఫీసరు మా ఆఫీసరు గారేనని గర్వంగా మనవి చేస్తున్నాను.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన చలికాలం అది. నూలు దొరక్క మగ్గం ఆగిపోయిన మల్లక్కకు సర్కారు ఇచ్చిన సీమకోళ్లే ఆధారం. అవి ఉన్నట్టుండి ఈకలు రాల్చి, గుడ్లు మానేశాయి. కోళ్లు గుడ్లు పెట్టకపోయేసరికి ఆఫీసరు గారు గుడ్లురిమారు. రెక్కాడితేగాని డొక్కాడదన్న సామెతను నిజంగా రెక్కలున్న వాటికే వర్తింపజేసిన మేధావి ఆయన!

అంతటితో ఊరుకోలేదు. మల్లక్క వాకిట్లోనే జీపు దిగారు.

“సర్కారు ఈకలు పీకి అమ్ముకున్నావా? కోళ్లు వాపసు తీసుకుంటాం. కేసు కూడా పెడతాం!”

“నేనెందుకు పీకుత సారూ? అవే రాల్చుకున్నయి. గీ కోళ్లు గూడ పోతే మా పొయ్యిల పిల్లి లేవదు.”

జనం పోగయ్యారు. పశువుల డాక్టరు సారయ్య వచ్చి, ఒక కోడిని తిరగేసి అందరికీ చూపించాడు.

“పీకింది గాదు సార్. ఏటేటా పాత ఈకలు రాలి కొత్తయి మొలుస్తయి. గీ మొలకలు చూడుండ్రి. ఒంట్ల సత్తువంత ఈకలకే పోతది. బోడి ఒళ్లు చలికి కాచుకునుడుకు ఇంకింత పోతది. ఇగ గుడ్డుకేం మిగుల్తది? దాణా గిప్పుడే ఎక్కువ పెట్టాలె.”

ఆఫీసరు గారు క్షణంలో పొదుపు మార్గం కనిపెట్టారు.

“అంత ఖర్చయితే ఈకలు మొలవనీయకండి!”

“సలికి సస్తయి సారూ!” అంది మల్లక్క.

“పని లేదుగానీ తిండి ఎక్కువా? ఎక్కడి న్యాయం ఇది?”

“నూలు పర్మిట్‌కు మీ ఆఫీసుకు ఎప్పుడొచ్చినా, ‘రాష్ట్రం మారింది, ఆఫీసు బోర్డు మారాలె, ఆగు’ అంటిరి. పని బంద్ పెట్టిండ్రు సరే. జీతం గూడ బంద్ పెట్టిండ్రా సారూ?”

“ఓ అవ్వా, సార్లకు గూడ ఈకలు రాల్తున్నయే!” అన్నారెవరో గుంపులోంచి.

ఆఫీసరు గారు దగ్గారు. టోపీ సర్దుకున్నారు. జీపెక్కారు.

సాయంత్రానికి మళ్లీ డప్పు మోగింది. “మల్లక్క ఈకలు పీకలే! సర్కారు కోళ్లు బోర్డు మార్చుకుంటున్నయహో! అందాక దాణా పెంచడమైనదహో!”

చలి తగ్గేసరికి కోళ్లకు తెల్లటి ఈకలొచ్చాయి. గుడ్లూ వచ్చాయి. ఆఫీసుకూ తెల్లటి కొత్త బోర్డు వచ్చింది. మల్లక్క సంబరంగా పర్మిట్ కోసం వెళ్లింది.

గుమాస్తా బోర్డు వైపు చూపించాడు.

“రంగు ఇంకా ఆరలేదవ్వా. రేపు రా.”