అశోక్‌నగర్ ఒంటికాలి సామి

ఆ ఉదయం వెంకటరామయ్య గారి పథకం చాలా చిన్నది. భార్య బుల్లెమ్మ కూరగాయల కోసం నారాయణగూడ వెళ్లగానే ఇంట్లోంచి జారుకోవాలి, ఎవరూ పట్టుకోకుండా కాసేపు ఒంటికాలి మీద నిలబడాలి, ఆవిడ తిరిగి వచ్చేలోగా ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చోవాలి.

వేసవిలో చెవి లోపల ఏదో జబ్బు చేసి ఆయన తూలి పడ్డారు. అప్పటి నుంచి గోడ పట్టుకునే నడక. చిక్కడపల్లిలో ఫిజియోథెరపీ చేసే మహిత ఆయనకు ఓ వింత చెప్పింది. "మనిషి నిలబడాలంటే కళ్లు, చెవులు, అరికాళ్లు మూడూ మెదడుకి కబురు పంపాలి అంకుల్. మీ చెవులు అలిగాయి. గోడ పక్కన, చెప్పుల్లేకుండా, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ప్రాక్టీస్ చేయండి. అరికాళ్లు పని నేర్చుకుంటాయి." ఇన్నేళ్లూ మాట్లాడకుండా మోసిన పాదాలకు ఇంత తెలివుందా అని ఆయన వాటిని చాలాసేపు చూసుకున్నారు.

ఆ రోజే పదింటికి మహిత దగ్గర పరీక్ష. నెగ్గితే గ్రంథాలయానికి ఒక్కరే వెళ్లొచ్చు. లేకపోతే ఎప్పటికీ బుల్లెమ్మ చేతిలో చెయ్యే. ఇంట్లో సాధన చేద్దామంటే, ఆయన కాలు లేపడం, "అయ్యో, పడిపోతారండీ!" అని ఆవిడ రెక్క పట్టుకోవడం ఒకేసారి జరుగుతున్నాయి. ఆవిడ లేనప్పుడు ఆ కాపలా పక్కింటివాళ్లది.

అందుకే అశోక్‌నగర్‌లో తననెవరూ ఎరగని కోచింగ్ సెంటర్ల సందు ఎంచుకున్నారు. గోడ పక్కన చెప్పులు విడిచి, చేతులు గుండెల మీద కట్టుకుని, కళ్లు మూసి, కాలు లేపి, పెదాల మధ్య అంకెలు లెక్కపెట్టసాగారు.

పాలమూరు నుంచి వచ్చి ఇటుకల పని చేసుకునే హనుమమ్మ అటుగా పోతూ ఆగిపోయింది. "ఏం మొక్కు సామీ?"

మాట్లాడితే ధ్యాస తప్పుతుందని ఆయన పలకలేదు.

"మౌనం బట్టిండు!" ఆమె తలమీది గంప దించి దండం పెట్టింది.

ఆ సందులో ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్లకు కొదవ లేదు. టీ గ్లాసుతో వచ్చిన ఎల్లేష్ హాల్‌టికెట్ తీసి ఆయన పాదం ముందు పెట్టాడు. "ఎల్లుండే ఎగ్జామ్ సామీ, జర సూడుండ్రి." వాడి వెనక హాస్టలు మొత్తం దిగింది. ఒకరి తర్వాత ఒకరు మెడలో దండలు వేశారు. ఆయన ఊగి, నిలదొక్కుకున్నారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. తనని ఆటపట్టిస్తున్నారని, తాను పడితే నవ్వడానికే జనం చేరారని అనుకున్నారు వెంకటరామయ్య గారు. ఇప్పుడు పడితే పరువు గంగలో కలుస్తుందని పళ్లు బిగించి, నొప్పెట్టిన కాలు దించి రెండోది లేపారు.

"సామి కాలు మార్చిండు!" సందంతా హోరెత్తింది.

మెయిన్ రోడ్డు మీద ఆటోలు ఆగిపోయాయి. వాటిలో ఒక దాంట్లో బుల్లెమ్మ ఉంది.

"ఏమైంది బాబూ?"

"ఎవరో సామి అంటమ్మా, ఒంటికాలి మీదున్నడు. ఏం మొక్కినా అయితదంట. గిప్పుడే ఒకాయనకు నౌకరి గూడ వచ్చిందంట," అన్నాడు డ్రైవరు.

బుల్లెమ్మ కూరల సంచీ ఆటోలోనే వదిలి, జనాన్ని తోసుకుంటూ ముందుకు చేరింది. దండల్లో సగం మునిగిన ఆ ముఖాన్ని చూసే ధైర్యం చాలక, కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

"స్వామీ, నాకేమీ వద్దు. మా ఆయన ఎవరి ఆసరా లేకుండా ఒక్కసారి నిలబడితే చాలు. ఆయన అడుగు తీసి అడుగు వేస్తుంటే నాకు ఊపిరి ఆడటం లేదు."

వెంకటరామయ్య గారి గుండె చెరువయింది. ఇన్నాళ్లూ ఆవిడ భయాన్ని పెత్తనం అనుకున్నారు.

"నిలబడ్డానే, బుల్లెమ్మా," అన్నారు మెల్లగా.

ఆవిడ కళ్లు తెరిచింది. అలవాటుగా చెయ్యి ఆయన రెక్క కోసం లేచింది, సగంలో ఆగిపోయింది. గోడనైనా తాకకుండా నిలిచి ఉన్న ఆ మనిషిని, ఆ ఒక్క పాదాన్ని, లోకంలో అంతకన్నా వింత లేనట్టు చూస్తూ ఉండిపోయింది. "ఏవండీ, మీరేనా!" అనేసరికి కళ్లనీళ్లు జారాయి.

"తప్పుకోండి బాబూ, పదింటికి నాకు పరీక్షుంది," అంటూ ఆయన కాలు దించారు.

ఎల్లేష్ నోరు తెరిచాడు. "సామికి గూడ తప్పలే రా!"

మహిత దగ్గర ఆయన తేలిగ్గా నెగ్గారు. మర్నాడు బుల్లెమ్మే ఆయన్ని గ్రంథాలయానికి ఒక్కరినే సాగనంపింది. తన మొక్కు క్షణంలో తీరిందని ఆటో డ్రైవరుకి ఆవిడ అప్పటికే చెప్పి ఉండటంతో, ఆయన ఒక్కరే నడిచింది మాత్రం ఇంటి గేటు దాకానే. గేటు బయట దండలతో జనం కాచుకుని ఉన్నారు.