తొర్రలో పర్మనెంటు

ఒక పెద్ద అడవిలో జరిగిందని చెబితే సగమే చెప్పినట్టు. రెండు పెద్ద అడవులు, మధ్యలో ఒక ఏరు. ఇవతలి అడవిలో మేడిచెట్లు విరగకాసేవి గానీ, తొర్రలున్న ముసలి చెట్లు గాలివానకి ఒక్కటీ మిగల్లేదు. అవతలి అడవిలో తొర్రలకి లోటు లేదు, మేడిచెట్టు మాత్రం మందుకి కూడా దొరకదు. దేవుడు పంచేటప్పుడు పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ పంచినట్టున్నాడు.

ఇవతలి అడవిలో పైడయ్య, నూకరత్నం అని కొమ్ముపిట్టల జంట ఉండేది. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టు ఉంటాయే, ఆ పిట్టలు. వీళ్ళ సంసారం తీరే వేరు. గుడ్లు పెట్టే రోజులొస్తే ఆడపిట్ట తొర్రలోకి వెళ్ళి, లోపల్నుంచి మట్టి మెత్తి ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు ఒక్కటే వదులుతుంది. మగపిట్ట పొద్దస్తమానం పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. రెక్కల ఈకలు కూడా ఆవిడ లోపలే రాల్చేసుకుంటుంది. కాబట్టి పిల్లలు కాస్త ఎదిగేదాకా బయటికి రావాలన్నా రాలేదు.

తొర్ర లేకపోతే గుడ్డు లేదు. గాలివాన తర్వాత రెండు వేసవులు అలాగే ఒట్టిగా పోయాయి. మూడోది కూడా పోతే ఇక పిల్లల మాట తన దగ్గర ఎత్తొద్దని నూకరత్నం చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే అవతలి అడవినుంచి ప్రకటన వచ్చింది. వాళ్ళకి మేడిచెట్లు కావాలట. మేడిపళ్ళు తిని, గింజలు నలుమూలలా రాల్చగల అనుభవం ఉన్నవాళ్ళు రావచ్చునట. పైడయ్యకి పుట్టుకతోనే ఆ అనుభవం ఉంది. కడుపునిండా తిని ఏరు దాటాడు, ఇంటర్వ్యూలోనే పని చేసి చూపించాడు. నిపుణుల కోటాలో అక్కడికక్కడే పర్మనెంటు ఇచ్చేశారు.

వెళ్ళిన వారంలోనే ఒక మద్దిచెట్టుకి మంచి తొర్ర చూశాడు. తూర్పు ముఖం, లోపల చెమ్మ లేదు. ఇక మిగిలిందల్లా భార్యని తెచ్చుకోవడమే. అదేమంత పెద్ద పని అనుకున్నాడు. వీసా ఆఫీసుకి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు అందరూ అలాగే అనుకుంటారు.

ఆఫీసుకి పెద్ద పద్మనాభంగారు, తాబేలు. ఇల్లు వీపుమీద పెట్టుకుని పుట్టినాయన. ఇల్లు వెతుక్కుంటూ తిరిగేవాళ్ళని చూస్తే ఆయనకి అదొక అశ్రద్ధలాగా కనిపించేది. ఆయన కింద ఇన్‌స్పెక్టరు అప్పలనరసమ్మ, ఉడుత. ఆవిడ ఏ కొమ్మ మీదా కుదురుగా నిలబడదు. అనుమానం ఒక్కటే ఆవిడలో కుదురుగా ఉండేది.

ఆఫీసుకి ఎదురుచెట్టు మీద చిట్టిరాజు అనే కొండముచ్చు కన్సల్టెంటుగా ఉండేవాడు. సొంతానికి ఏ చెట్టూ లేదు గానీ, ఎవరు ఏ చెట్టెక్కాలో చెబుతాడు. పైడయ్య తెచ్చిన మేడిపళ్ళన్నీ తిన్నాక గానీ నోరు విప్పలేదు.

"పైడయ్యా, ఆవిడ నీ పెళ్ళామేనని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆఫీసుకి ఎలా తెలుస్తుంది?"

"గుడ్లు పెడితే తెలుస్తుంది కదండి."

"గుడ్లు పెట్టాలంటే ఆవిడ రావాలి. రావాలంటే ముందు తెలియాలి."

తర్వాత అసలు కిటుకు చెప్పాడు. ఈ ఆఫీసు పెట్టిన కొత్తలో మొట్టమొదట పాసైన జంట పావురాలు. కొమ్మ మీద ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చుని, మెడ మీద మెడ వేసుకుని కువకువలాడాయట. పద్మనాభంగారి మనసులో అదే ముద్రపడిపోయింది. అప్పట్నుంచి మొగుడూ పెళ్ళాలంటే పావురాల్లాగా ఉండాలి. గబ్బిలాల జంట ఒకటి తలకిందులుగా వేలాడుతూ వచ్చిందని తిప్పి పంపేశారు.

కాబట్టి పావురాలు కమ్మన్నాడు.

నూకరత్నాన్ని చుట్టపుచూపు పర్మిషను మీద రప్పించి ఇద్దరూ సాధన మొదలుపెట్టారు. మెడ మీద మెడ వేయబోతే కొమ్ములు టక్కుమని తగిలేవి. కువకువ అనబోతే పైడయ్య గొంతులోంచి చెట్టు కోస్తున్న చప్పుడు వచ్చేది. నాలుగురోజులకి నూకరత్నం మెడ పట్టేసింది.

"మావా, ఈ పావురాలకి ఇంకో పనేం ఉండదా?" అంది.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఈ కొమ్మ మీంచి, ఆ కొమ్మ మీంచి, కింద్నుంచి కూడా చూసింది. ఆయనకి ఏ పండు ఇష్టమని ఆవిణ్ణి, ఆవిడ నిద్రలో ఏ పక్కకి ఒరుగుతుందని ఆయన్ని అడిగింది. అన్నీ సరిపోయాయి. వెళ్ళబోతూ వెళ్ళబోతూ ఆగింది.

"ఏడాది పొడుగునా ఇలాగే కూర్చుంటారా?"

వేసవొస్తే తొర్ర సంగతుందని పైడయ్య చెప్పబోయాడు. వెనకనుంచి చిట్టిరాజు తోకతో పొడిచాడు.

"ఏడాది పొడుగునా ఇలాగేనండి," అన్నాడు పైడయ్య.

పద్మనాభంగారు ముచ్చటపడి మంజూరు చేశారు. అయితే షరతుల మీద. నూకరత్నం తిండి పూచీ అంతా పైడయ్యది, అడవి మీద భారం పడకూడదు. ఇక ఏడాది పాటు ఇన్‌స్పెక్టరు ఎప్పుడొచ్చినా ఇద్దరూ ఒకే కొమ్మ మీద పక్కపక్కన కనిపించాలి. వాళ్ళే ఏడాది పొడుగునా అలా కూర్చుంటామన్నారు కదా, అందుకని ఆయన వాళ్ళ మీద కొత్తగా మోపిన కష్టమంటూ ఏమీ లేదు.

వేసవి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నూకరత్నం మొగుడి మెడ మీంచి తన మెడ తీసేసుకుంది.

"మావా, నేను లోపలికి పోతున్నాను."

"మరి ఆ ఉడతమ్మ వస్తేనో?"

"ఉన్నమాట చెప్పు."

"ఉన్నమాట ఇంతవరకూ చెప్పలేదు కదే, ఇప్పుడు చెబితే నమ్ముతారా?"

ఆవిడ తొర్రలో దూరి మట్టి మెత్తుకోవడం మొదలుపెట్టింది. మూడో వేసవి అది. పర్మిషను పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, గుడ్డు ఆఫీసు కోసం ఆగదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పైడయ్య ఒక్క పొట్టకైతే బల్లులూ ఈతపళ్ళూ సరిపోయేవి. లోపలున్న ఆవిడకి మేడిపళ్ళే కావాలి. అతను నాటిన మేడి గింజలు ఇంకా మొలకల్లోనే ఉన్నాయి. అందుకని పొద్దున లేస్తే ఏరు దాటి ఇవతలికి రావడం, గొంతు నిండా పళ్ళు నింపుకుని అవతలికి పోవడం, ఇదే పని.

ఇన్‌స్పెక్టరమ్మ రానే వచ్చింది. కొమ్మ మీద పైడయ్య ఒక్కడే ఉన్నాడు. ఆవిడేదని అడిగితే లోపలుందన్నాడు. ఉడుత వెళ్ళి చూస్తే గోడ, గోడలో సందు, సందులో ముక్కు.

"ఈ గోడ ఎవరు కట్టారు?"

"నేనే కట్టుకున్నానమ్మా," అంది ముక్కు.

"ఒకసారి బయటికొచ్చి ఆయన పక్కన కూర్చో. రాసుకుని వెళ్ళిపోతాను."

"ఈకలు లేవు తల్లీ. గుడ్లున్నాయి."

అప్పలనరసమ్మ ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. పద్మనాభంగారు స్వయంగా విచారణకి రావాలని రిపోర్టు రాసింది. ఆయన వెంటనే బయల్దేరారు. బయల్దేరినప్పుడు లోపల గుడ్లు, చెట్టు దగ్గరికి చేరేసరికి పిల్లలు.

ఆయన వచ్చి మద్దిచెట్టు కింద మెడ సాచి చాలాసేపు పైకి చూశారు. కొమ్మ మీద కూర్చోమన్నది దేనికి, మనిషి కుదురుగా ఇక్కడే ఉందో లేదో తెలియడానికే కదా అన్నారు. ఈవిడంత కుదురుగా ఈ అడవిలో ఎవరున్నారు అన్నారు. ఇల్లు వీపుకి అంటుకున్నట్టే ఉన్న పిట్టని ఆయన జీవితంలో మొదటిసారి చూశారు. షరతులన్నీ తీసేసి నూకరత్నానికి పూర్తి పర్మనెంటు ఇచ్చేశారు.

పైడయ్య సంతోషం పట్టలేక రెక్కలు టపటపలాడించాడు. అది అయ్యేదాకా ఆగి అప్పలనరసమ్మ గొంతు సవరించుకుంది.

పైడయ్య పర్మిషను లేకుండా అడవి దాటి పోతున్నాడని చెప్పింది. ఒకసారి కాదు, రోజంతా అదే పనట. పద్మనాభంగారికి ఎంతో బాధ కలిగింది. అయినా రూలు రూలే. పర్మనెంటు తీసుకున్నవాడు ఇక్కడ ఉండాలి గానీ ఏటి మీద ఉంటానంటే కుదరదు. పైడయ్య పర్మనెంటు రద్దు. పొద్దు గుంకేలోగా ఏరు దాటి వెళ్ళిపోవాలి, మళ్ళీ రాకూడదు.

పైడయ్య గొంతులో అప్పటికే పళ్ళున్నాయి. మింగడానికి లేదు, మాట్లాడటానికి లేదు. తొర్రలోంచి పిల్లలు ఆకలికి అరుస్తున్నారు.

అప్పుడు సందులోంచి నూకరత్నం మాట్లాడింది.

"అయ్యగారూ, నా తిండి పూచీ మా మావది అన్నారు. ఆయన్ని మీరు ఆపేస్తే ఆ పూచీ ఎవరిదవుతుందండి?"

పద్మనాభంగారు తల లోపలికి లాక్కున్నారు. ఆలోచించేటప్పుడు ఆయన అలవాటు అది. కాసేపటికి తల బయటికి వచ్చింది.

"ఆఫీసుదవుతుంది," అన్నారు.

"అయితే నరసమ్మా, ఎండెక్కకముందే వెళ్ళు తల్లీ. మెత్తగా పండినవే తే. పచ్చివైతే పిల్లలు మొహం మీద ఉమ్మేస్తారు," అంది నూకరత్నం.

ఇన్‌స్పెక్టరమ్మకి ఏరు దాటడం రాదు. ఈతపళ్ళు తెచ్చింది, ఉమ్మేశారు. నేరేడుపళ్ళు తెచ్చింది, తిని ఇంకా తెమ్మన్నారు. కిందికీ పైకీ తిరిగి తిరిగి, సాయంత్రానికి ఆవిడ జీవితంలో మొదటిసారి ఒక కొమ్మ మీద కదలకుండా కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే సలహా చెప్పింది. నూకరత్నం పర్మనెంటు కదా, మొగుణ్ణి ఆవిడే స్పాన్సర్ చేసుకోవచ్చునని. పద్మనాభంగారు సందు కింద నిలబడి అడగవలసినవి అడిగారు.

"మొగుణ్ణి పోషించగలవా? నీకు తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"రోజూ కిటికీ దగ్గరికే వస్తుందండి."

"తెచ్చేదెవరు?"

"మా ఆయనే."

'రాబడి స్థిరంగా ఉంది' అని రాసుకున్నారు. నిర్ణయం వచ్చేదాకా పైడయ్య విజిటరుగా రావచ్చునన్నారు. విజిటు అంటే ఒక పండు అందించి వెళ్ళిపోయేంతసేపు.

అలా పిల్లలు ఎదిగారు. లోపల చోటు చాలక, ఈకలు కూడా మొలిచాయి కాబట్టి, నూకరత్నం గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. పిల్లలిద్దరూ తల్లి చేసినట్టే లోపల్నుంచి మళ్ళీ మెత్తుకున్నారు. ఆవిడ ఒక్కసారి రెక్కలు దులిపి, మొగుడితో కలిసి తిన్నగా ఏరు దాటి, చెట్టు మీదే మేడిపండు కోసుకుని తింది. ఎన్నాళ్ళకో అలా తినడం.

తిరిగొచ్చేసరికి అప్పలనరసమ్మ రాసేసుకుంది. నూకరత్నం పర్మనెంటు కూడా రద్దయిపోయింది. స్పాన్సరే పోయాక మొగుడి కేసు కూడా పోయింది.

ఆఫీసులో కాగితాలన్నీ తిరగేశారు. ఇక ఈ అడవిలోనే పుట్టి, ఇంతవరకూ అడుగు బయట పెట్టనివాళ్ళు ఎవరున్నారని వెతికితే ఇద్దరు తేలారు. పద్మనాభంగారు మళ్ళీ మద్దిచెట్టు కిందికి ప్రయాణమయ్యారు. అమ్మానాన్నల పూచీ మీరు తీసుకుంటారా అని పైకి అడిగారు. సందులోంచి రెండు నోళ్ళు తెరుచుకుని క్యామన్నాయి.

"ఒప్పుకున్నారు, రాసుకో," అన్నారు.

ఆ రోజునుంచి పైడయ్య, నూకరత్నం ఇద్దరూ విజిటర్లే. పొద్దంతా చెరో పండు మోసి, సాయంత్రం కొమ్మకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూలబడేవారు. చిట్టిరాజు అటు పోతూ, దగ్గరగా జరిగి కూర్చోండి, ఎవరైనా చూస్తారన్నాడు.

"చూడనీ," అంది నూకరత్నం.

చెట్టు కింద పైడయ్య నాటిన మేడిమొక్కలు మోకాలెత్తు లేచాయి.

నీతి: పర్మనెంటు కదలలేనివాడికే ఇస్తారు, వాడికి తిండి మోసేవాళ్ళంతా విజిటర్లే.