పాతవే వేశానమ్మా

శుక్రవారం సెలవు కదా, నాలుగు గారెలు వేసుకుందామని మినప్పప్పు నానబోసింది చాముండేశ్వరి. భర్త జగన్మోహనరావు కంపెనీ పని మీద ఫుజైరా వెళ్ళాడు. కొడుకు చరణ్‌తేజ్ దుబాయ్‌లో ఉద్యోగం, అల్ కుసైస్‌లో స్నేహితుడితో కలిసి గది. అల్ ఐన్ ఇంట్లో ఆవిడా, ఆవిడ భయాలూ మిగిలారు.

పప్పు కడుగుతుండగా ఫోను టింగుమంది. కొడుకు ఫోటో. కింద, "ఎలా ఉన్నానమ్మా?" అని. పిల్లాడు పసుపు ముద్దలా ఉన్నాడు. కళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి. కామెర్లే!

ఫోటోని పాతకాలపు రంగుల్లోకి మార్చే ఫిల్టర్లు ఫోనులో ఉంటాయనీ, ఒకదాని మీద ఒకటి వేసి తనకు నచ్చే జోడీ కోసం కొడుకు వెతుకుతున్నాడనీ ఆవిడకేం తెలుసు? వెంటనే ఫోన్ చేసింది.

"ఏరా, ఎప్పట్నించిరా ఇలా?"

"నిన్నట్నించేనమ్మా. పచ్చదనం ఎక్కువైందా?" అని నవ్వాడు.

"నవ్వెలా వస్తోంది నాయనా! దానికేమన్నా వేశావా?"

"ఒకటి వేస్తే తేడా తెలీలేదు. రెండు కలిపి వేశా. ఇప్పుడు మూడోది కూడా వేసి చూస్తా."

"మూడా! ఎవరు వెయ్యమన్నార్రా?"

"మా ఆశిష్. వాడు రోజూ వేస్తాడు. అన్నీ పాతవేనమ్మా. పాతవాటి గుణం కొత్తవాటికెక్కడిది!"

"డేటు చూసుకోవద్దట్రా!"

"డేటు కూడా పడుతుంది, కింద మూల. తొంభై ఎనిమిది అని. ఉండమ్మా, ఛార్జింగ్ అయిపోతోంది, మళ్ళీ పంపిస్తా."

చాముండేశ్వరి తడి చేతులతోనే పక్క ఫ్లాటు తలుపు బాదింది. నెల్లూరు షహర్బాను సంగతంతా విని గుండెమీద చెయ్యేసుకుంది.

"తొంభై ఎనిమిదినాటి మాత్రలా! ఏందక్కా, అప్పుడు వాడు చెడ్డీ కూడా సరిగ్గా ఏసుకోని వయసు గదా!" అంటూ లోపలికి పరిగెత్తి మొగుణ్ణి లేపింది. "యల్లా, లెయ్యయ్యా! బిడ్డ చేతికి దక్కేట్టు లేడు."

హయాత్ బాషా కళ్ళు నులుముకుంటూ, "ఆస్పత్రోళ్ళకి ఫోన్ చేస్తే పోద్ది గదక్కా?" అన్నాడు.

"వద్దు తమ్ముడూ! డేటు అయిపోయిన మందులు గదిలో పెట్టుకున్నాడని జైల్లో వేస్తారేమో!"

ముగ్గురూ కారెక్కారు. ఇసుక దిబ్బలు దాటుతుండగా మళ్ళీ టింగుమంది. ఈసారి ముఖాన రంగన్నదే లేదు. బూడిద చల్లినట్టు చుక్కలు, చుట్టూ నల్ల అంచు. కింద, "ఇదే ఫైనల్ అమ్మా." ఆవిడకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో ఫైనల్ ఒకటి. తిరిగి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

షహర్బాను ఫోటో చూసి తనూ ఏడుపందుకుంది. బాషా యాక్సిలరేటర్ మీద కాలు బిగించాడు. రోడ్డు పక్క వేగం పట్టే రాడార్ కెమెరా తళుక్కుమని వాళ్ళదీ ఓ ఫోటో తీసింది.

గది తలుపు తెరిచిన చరణ్‌తేజ్ నిక్షేపంలా ఉన్నాడు. కానీ అతని కళ్ళకు కనబడింది వేరు. చెప్పాపెట్టకుండా వచ్చిన అమ్మ, ఆమె ఎర్రటి కళ్ళు, తల దించుకున్న బాషా. వీళ్ళలో నాన్న లేడు.

"నాన్నేడీ?"

"అంతా అయిపోయిందనుకున్నాను నాయనా!" అని కావలించుకుంది తల్లి. "అనుకున్నాను" అన్నది వెక్కిళ్ళలో కలిసిపోయింది. ఎంతైనా ఆవిడ కడుపున పుట్టినవాడు. "నాన్నా!" అని అక్కడే కూలబడ్డాడు. ఇంతసేపూ వణికిన చాముండేశ్వరి ఇప్పుడు వాడి తల నిమురుతూ, "ఊరుకో, నేనున్నాగా" అంది, ఎందుకో తెలియకుండానే.

గొడవకి నిద్రలేచిన గది స్నేహితుడు ఆశిష్, చరణ్‌తేజ్ ఫోను ఛార్జింగ్‌కి పెట్టి, "ఇది వేస్తే పచ్చ, ఇది వేస్తే నలుపు, తీసేస్తే మామూలే ఆంటీ" అని చూపించాడు. ఆవిడ కుదుటపడింది. కొడుకు పడలేదు. నాన్న గొంతు వినిపిస్తేగాని లేవనన్నాడు. బాషా ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"నాన్నా, ఉన్నావా!"

"ఉండక ఏమయ్యాన్రా?"

"ఏమండీ, నిజం చెప్పండి, బాగానే ఉన్నారా?"

"అల్లా దయ, బతికే ఉండాడు!" అంది వెనకనుంచి షహర్బాను.

"అసలు నాకేమైందో ముందు నాకు చెప్పండర్రా!"

అంతలో లైను తెగింది.

ఎందుకైనా మంచిదని జగన్మోహనరావు ఆ పూటే ఫుజైరాలో బీపీ చూపించుకున్నాడు. కాస్త ఎక్కువే ఉందన్నారు.