డైనమోపేటలో బటన్ నొక్కిన మంత్రిగారు

మహాలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని బొచ్చె చేపకు బూడిద రాసి పొలుసు తీస్తుండగా, విద్యుత్ శాఖ ఏఈ లోకనాథ్ గారు గుమ్మం ముందు నిలబడి ప్రభుత్వ నిర్ణయం ప్రకటించారు.

"డైనమోపేటని జలవిద్యుత్ వారసత్వ పట్టణంగా తీర్చిదిద్దుతున్నామండి. మే పదో తారీఖున మంత్రిగారొచ్చి బటన్ నొక్కుతారు. టర్బైన్ తిరగాలి."

డైనమోపేట అంటే కాలువ కిందికి దూకే చోట తాతల కాలంలో కట్టిన చిన్న పవర్‌హౌస్, దాని చుట్టూ ముప్ఫై క్వార్టర్లు. టర్బైన్ ఆగిపోయి పాతికేళ్లయింది. దాని ఆఖరి ఆపరేటర్ బుల్లియ్య, మహాలక్ష్మమ్మ భర్త. రిటైరయ్యాక కూడా ఇద్దరూ ఏడో నంబరు క్వార్టర్లోనే ఉంటున్నారు. ఆ ఇంటికి పట్టా ఇప్పించమని పెట్టుకున్న అర్జీని ప్రభుత్వం పదకొండేళ్లుగా శ్రద్ధగా పరిశీలిస్తోంది.

"టర్బైన్ తిరిగిందా, మీ పట్టా ఫైలు కదిలినట్టే," అన్నారు లోకనాథ్ గారు.

"మే నెలంటే కాలువలకి నీళ్లు కట్టేసుంటారు కదండి. నీళ్లెక్కడివండి?" అన్నాడు బుల్లియ్య.

"మంత్రిగారి డేట్ దొరకడమే కష్టం బుల్లియ్యగారూ. నీళ్ల సంగతి మనం అడ్జస్ట్ చేసుకోవాలి."

అడ్జస్ట్ చేశారు. ముందు పన్నెండు ట్యాంకర్ల నీళ్లు పోశారు. టర్బైన్ ఒకసారి మూలిగి ఊరుకుంది. రొయ్యల చెరువుల నుంచి నీళ్లు చిలికే ఏరేటర్లు తెచ్చి దింపారు. నురగ బాగా వచ్చింది. చివరికి గోడ వెనక మోటారు బిగించి, టర్బైన్‌కు బెల్టు వేసి, కాలనీ లైన్ నుంచి కరెంటు లాగారు. కరెంటు చాలక ముప్ఫై ఇళ్లకూ సరఫరా ఆపేశారు.

"కరెంటుతో టర్బైన్ తిప్పి, టర్బైన్‌తో కరెంటు తీస్తామాండి?" అన్నాడు బుల్లియ్య.

"దీన్ని డెమాన్‌స్ట్రేషన్ అంటారండి."

పదో తారీఖున మంత్రిగారు ఎండిన కాలువకు భక్తిగా హారతిచ్చి బటన్ నొక్కారు. గోడ వెనక బుల్లియ్య మోటారు స్విచ్ వేశాడు. వేదిక మీద ఒక బల్బు వెలిగింది. ఫ్యాన్లు ఆగి ఉడికిపోతున్న కాలనీ జనం విసనకర్రలు పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి.

"చుక్క నీరు లేకుండా జలవిద్యుత్ తీసిన ఘనత మన ప్రభుత్వానిదే!"

వారం తిరక్కుండా ఫైలు కదిలింది. లోకనాథ్ గారు స్వయంగా కాగితం పట్టుకొచ్చారు. మహాలక్ష్మమ్మ కాఫీ ఇచ్చింది. బుల్లియ్య కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"ప్లాంటు తిరిగి పనిచేస్తున్నందున క్వార్టర్లు సర్వీసులో ఉన్న సిబ్బందికి కేటాయించడమైనది. రిటైరైనవారు పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను."

"మూతపడిన ప్లాంటయితే పట్టా ఇచ్చేవాళ్లమండి," అన్నారు లోకనాథ్ గారు బాధగా. "మీ చేతి చలవ వల్ల నడుస్తోంది కదా. రూల్ ఒప్పుకోదు."

మహాలక్ష్మమ్మ కాగితం తీసుకుని చూసింది.

"కింద సంతకం తమరిదేనాండి?"

"ఆయ్, నాదేనండి."

"అయితే దీని వెనకాల ఇంకో ముక్క రాయండి బాబూ. ప్లాంటు నడవట్లేదని. మా ఇల్లు మాకుంటుంది."

బుల్లియ్య పెన్ను మూత తీసి అందించాడు.

లోకనాథ్ గారు పెన్ను వంక చూశారు. మిగిలిన కాఫీ గటగటా తాగేసి, గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయారు.